నిషేధం ఎవరి మీద? నష్టం ఎవరికి?

2021 అక్టోబర్ 4, సోమవారం రాత్రి నాకు ఇంకా బాగా గుర్తుంది. ముందు రోజు సాయంత్రమే షాహీన్ తుఫాను ఒమాన్‌లోని బాతినా తీరాన్ని తాకింది. మస్కట్‌లో ఏడాది మొత్తానికి కురిసే వాన వంద మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అలాంటి దేశంలో ఖాబూరాలో ఒక్క రోజులో 369 మిల్లీమీటర్లు కురిసింది. రుసైల్ పారిశ్రామిక వాడలో కొండ చరియ విరిగి కార్మికుల నివాసం మీద పడి ఇద్దరు చనిపోయారు. సువైఖ్, ఖాబూరా వైపు తోటల్లో పనిచేసే మన వాళ్ళు ఏమయ్యారో తెలియక ఘాలాలో మేము కొంతమందిమి కంగారు పడుతున్నాం.

మస్కట్ చూడని వారి కోసం ఒక మాట. ఘాలా నగరంలో బౌషర్ విలాయత్‌కి చెందిన ప్రాంతం. గ్యారేజీలు, గోడౌన్లు, కాంట్రాక్టు కంపెనీల ఆఫీసులు, లేబర్ క్యాంపులు, వాటి మధ్యలో చర్చిలు, చిన్న చిన్న మెస్సులు. గోదావరి జిల్లాల వాళ్ళు, కడప వాళ్ళు, కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళు ఇక్కడ ఒకే వరుసలో చాయ్ తాగుతూ కనిపిస్తారు. తుఫాను రోజున మా దగ్గర ఉన్నదల్లా రెండు వందల మంది పైచిలుకు ఉన్న ఒక వాట్సాప్ గ్రూపు. ఎవరి దగ్గర పికప్ వాహనం ఉంది, ఎక్కడ నీళ్ళు నిలిచాయి, ఏ తోటలో ఎంతమంది ఉన్నారు, అన్నీ అందులోనే. సాయంత్రం ఏడున్నర దాటాక ఉన్నట్టుండి గ్రూపు మూగబోయింది. పాత మెసేజీలు కనిపిస్తున్నాయి, కొత్తవి పోవడం లేదు, రావడం లేదు. ఫేస్‌బుక్ లేదు, ఇన్‌స్టాగ్రామ్ లేదు. అందరం ఎవరి ఫోన్‌ని వాళ్ళు ఆఫ్ చేసి ఆన్ చేసుకుంటూ కూర్చున్నాం.

మాలో ఒక పెద్దాయన ఉండేవారు. అమలాపురం వైపు మనిషి, స్టోర్ కీపరుగా చేసేవారు. మేమంతా బాబాయి గారూ అని పిలిచేవాళ్ళం. ఆయన మా అవస్థ చూసి, "ఏమిట్రా, వాట్సాప్ పోతే నోళ్ళు కూడా పోయాయా? ఫోన్ చెయ్యండి" అని కసిరి, లోపలి నుంచి ఒక పాత లెడ్జరు తెచ్చారు. పేరు, సొంత ఊరు, క్యాంపు, ఇక్కడి నంబరు, ఇంటి దగ్గర నంబరు. పదేళ్ళుగా తనకు తెలిసిన ప్రతి తెలుగు కార్మికుడి వివరం బాల్ పెన్నుతో రాసి పెట్టుకున్నారు. ఆ రాత్రి మేము పని చేసింది ఆ లెడ్జరుతోనే. రెండు గంటల ప్రాంతంలో వాట్సాప్ తిరిగి వచ్చేసరికి మేము వెతుకుతున్న వాళ్ళలో చాలామంది మాతో మాట్లాడేశారు.

అది నిషేధం కాదు. ఫేస్‌బుక్ కంపెనీ తన నెట్‌వర్క్ పనిలో చేసుకున్న పొరపాటు, ఆరు గంటల్లో సర్దుకుంది. కానీ ఒక ప్రభుత్వం ఉత్తర్వు మీద ఒక వేదికను ఆపేస్తే కింది స్థాయిలో ఏం జరుగుతుందో ఆ రాత్రి నాకు కొంత అర్థమయింది. ఇన్నేళ్ళుగా ఇండియాలో, అమెరికాలో, నేపాల్‌లో వచ్చిన నిషేధాల మీద చర్చలన్నీ దేశభద్రత, వాక్స్వాతంత్ర్యం అనే రెండు పెద్ద మాటల మధ్యే నడుస్తున్నాయి. ఆ రెండూ ముఖ్యమైనవే. మూడో వాడు ఒకడున్నాడు. ఆ వేదిక మీదే దుకాణం పెట్టుకున్న చిన్న వ్యాపారి, ఆ వేదిక మీదే సేవ చేస్తున్న చిన్న సంస్థ. ఈ వ్యాసం వాళ్ళ గురించి.

మంగళగిరి కొట్టు

2020 జూన్ 15న గల్వాన్ లోయలో మన సైనికులు ఇరవై మంది అమరులయ్యారు. రెండు వారాల తర్వాత, జూన్ 29న భారత ప్రభుత్వం ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్ కింద టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. అప్పటికి టిక్‌టాక్‌కి ఇండియాలో దాదాపు 20 కోట్ల మంది వాడకందార్లు ఉన్నారని అంచనా. ఆ రోజు నేను కూడా చప్పట్లు కొట్టిన వాణ్ణే. నిజం చెప్పాలంటే ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనను.

మా బావమరిదికి మంగళగిరిలో చిన్న చీరల కొట్టు ఉంది. నిజాం అంచు చీరలు, డ్రెస్ మెటీరియల్. లాక్‌డౌన్‌లో కొట్టు మూతపడ్డాక వాళ్ళమ్మాయి సలహాతో రోజుకో చీర మడత విప్పి చూపిస్తూ టిక్‌టాక్‌లో వీడియోలు పెట్టడం మొదలుపెట్టాడు. పట్టుమని మూడు నెలలు కాలేదు. విజయనగరం నుంచి, బళ్ళారి నుంచి, ఎప్పుడూ చూడని ఊళ్ళ నుంచి ఆర్డర్లు రాసాగాయి. వేలమంది అతని వీడియోలు చూస్తున్నారు. నిషేధంతో ఆ వేల మందీ ఒక్కసారిగా మాయమయ్యారు. అతని దగ్గర మిగిలింది, అప్పటికే డబ్బు పంపి చీర తెప్పించుకున్న కొద్దిమంది ఫోన్ నంబర్లు మాత్రమే.

అప్పుడు అతనన్న మాట నేను మర్చిపోలేదు. "బావా, నా కొట్టు కూల్చేసినా ఇంత బాధ ఉండేది కాదు. కొట్టు కూలిస్తే పాత బేరగాళ్ళు పక్క కొట్టు వాణ్ణి అడుగుతారు, ఎక్కడికి మారాడయ్యా అని. ఇక్కడ అడగడానికి పక్క కొట్టు కూడా లేదు."

ఈ మాటలోనే అసలు విషయమంతా ఉంది. టిక్‌టాక్ యజమాని కంపెనీ అయిన బైట్‌డాన్స్‌కి ఇండియా పోతే ఇంకా ప్రపంచం మిగిలింది. 2019 ఏప్రిల్‌లో మద్రాస్ హైకోర్టు ఆదేశంతో కొన్నాళ్ళు యాప్ స్టోర్లలో టిక్‌టాక్ దొరకనప్పుడే తమకు రోజుకు అయిదు లక్షల డాలర్ల నష్టమని ఆ కంపెనీ సుప్రీం కోర్టులో చెప్పుకుంది. చెప్పుకోవడానికి లాయర్లున్నారు. మంగళగిరి కొట్టు వాడు ఏ కోర్టులో చెప్పుకుంటాడు?

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. నిషేధం వచ్చిన కొద్ది రోజులకే, 2020 జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఇండియాలోకి వచ్చింది. సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్‌ని ప్రపంచంలో మొదట ఇండియాలోనే ప్రయోగించారు. మోజ్, జోష్ వంటి దేశీయ యాప్‌లూ వచ్చాయి. కనుక ప్రత్యామ్నాయం లేదని అనలేం. కానీ కొత్త చోట మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాలి. ఖరీదైన ఫోన్, ఇంగ్లీషు ముక్కలు, ఎడిటింగ్ తెలిసిన కుర్రాళ్ళు ఉన్నవాళ్ళు త్వరగా మారిపోయారు. లేనివాళ్ళు చాలామంది వెనకబడ్డారు. మా బావమరిది ఇన్‌స్టాగ్రామ్‌లో కాస్త నిలదొక్కుకోవడానికి ఏడాదిన్నర పట్టింది.

దీనికి భిన్నంగా జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో నడుస్తున్న మై విలేజ్ షో సంగతి చూడండి. 2012లో మొదలై, గంగవ్వని తెలుగు ఇళ్ళన్నిటికీ పరిచయం చేసిన ఆ బృందం ప్రధానంగా యూట్యూబ్ మీద ఎదిగింది. టిక్‌టాక్ నిషేధం వాళ్ళని కదిలించలేకపోయింది. ప్రతిభలో తేడా వల్ల ఇలా జరిగిందంటే నేను నమ్మను. ఎవరు ఏ వేదిక ఎక్కారన్నది సగం అదృష్టం. రేపు ఉత్తర్వు దేని మీద వస్తుందో ముందు ఎవరికి తెలుసు?

ఒమాన్ పద్ధతి

గల్ఫ్‌లో మాకు ఇంకో రకం నిషేధం అలవాటు. ఒమాన్‌లో 2002 నాటి టెలికాం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంటర్నెట్ మీద ఫోన్ సర్వీసు నడపకూడదు. అందువల్ల ఏళ్ళ తరబడి వాట్సాప్‌లో మెసేజీలు నడుస్తూ, కాల్స్ మాత్రం నడవకుండా మేము బతికాం. కోవిడ్ రోజుల్లో, 2020లో, ఆఫీసు పనికీ చదువులకీ జూమ్ వంటి కొన్నింటికి సడలింపు ఇచ్చారు. 2021 మార్చిలో క్లబ్‌హౌస్‌కి కావలసిన అనుమతి లేదంటూ టెలికాం నియంత్రణ సంస్థ దాన్ని నిలిపేసింది. అప్పుడప్పుడే అందులో తెలుగు సాహిత్య కబుర్లు మరిగిన మిత్రులు ఇక్కడ చాలా నొచ్చుకున్నారు.

ఈ పద్ధతి వల్ల బాధ లేదని కాదు. నెలకు నూటపాతిక రియాళ్ళు తెచ్చుకునే మనిషికి ఇంటికి వీడియో కాల్ చేసుకోలేకపోవడం చిన్న విషయం కాదు. అయినా వ్యాపారం వైపు నుంచి చూస్తే ఇక్కడ ఒక సంగతి గమనించాలి. నియమం ముందే తెలుసు, రాత్రికి రాత్రి మారదు. అందుకని చిన్న వ్యాపారులు దాని చుట్టూ దారి వేసుకున్నారు. ఘాలాలో స్పేర్ పార్ట్స్ కొట్టుకి మెకానిక్ విరిగిన ముక్క ఫోటో తీసి పంపుతాడు, కొట్టు వాడు వాయిస్ మెసేజీలో ధర చెబుతాడు. టైలరు జాకెట్టు కొలతలు అలాగే తీసుకుంటాడు. మెస్సు ఆయన పొద్దున్నే కూరల జాబితా పెడతాడు, ఎనిమిదింటికల్లా ఎవరికి ఎన్ని క్యారేజీలో లెక్క వచ్చేస్తుంది. కాల్ అవసరమైతే మామూలు ఫోన్ చేస్తారు. పొట్ట కొట్టే నిషేధానికీ, నడక మార్చే నిషేధానికీ తేడా ఉంది. ఆ తేడా తెచ్చేది ప్రధానంగా రెండు: ఎంత మేరకు ఆపారు, ఎంత ముందు చెప్పారు.

కాఠ్‌మండూలో, వాషింగ్టన్‌లో

ముందు చెప్పినంత మాత్రాన సరిపోదని నేపాల్ చూపించింది. 2025 ఆగస్టు 28న అక్కడి ప్రభుత్వం సోషల్ మీడియా కంపెనీలకు నమోదు చేసుకోవడానికి ఏడు రోజుల గడువు ఇచ్చింది. సెప్టెంబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబ్‌లతో సహా 26 వేదికలను ఆపమని ఆదేశించింది. నమోదైన టిక్‌టాక్, వైబర్ మిగిలాయి. గడువు ఇచ్చింది కంపెనీలకే గాని వాడుకునే వాళ్ళకి కాదన్నది ఇక్కడ గమనించాలి.

మా బిల్డింగ్ వాచ్‌మన్ నేపాల్ మనిషి. అతని భార్య ఇంటి దగ్గర కుర్తాలు కుట్టి ఫేస్‌బుక్‌లో అమ్ముతుంది. మన దసరాయే వాళ్ళకి దశైన్, ఏడాదిలో అసలు బేరమంతా దానికి ముందు నెలలోనే. సరిగ్గా అప్పుడే పేజీ మూతపడింది. ఇక్కడ ఇతను పంపే వాయిస్ మెసేజీలు అక్కడ చేరడం మానేశాయి. నేపాల్ జాతీయాదాయంలో సుమారు నాలుగో వంతు ఇలాంటి వాళ్ళు విదేశాల నుంచి పంపే డబ్బే. ఆ డబ్బు పంపే చేతికీ, అందుకునే చేతికీ మధ్య మాటే తెగిపోయింది. అంతకు ముందు నుంచీ అవినీతి మీద రగులుతున్న యువత సెప్టెంబర్ 8న వీధుల్లోకి వచ్చింది. ఆ ఒక్క రోజే 19 మంది చనిపోయారు. ఆ రాత్రే నిషేధం ఎత్తేశారు, మర్నాడు ప్రధాని ఓలీ రాజీనామా చేశారు. మొత్తం మృతుల సంఖ్య డెబ్బై దాటింది. వాచ్‌మన్ భార్యకి బేరం పోయింది అయిదు రోజులే. అంతకంటే పెద్ద నష్టాలు ఆ దేశం చూసింది కాబట్టి ఆ అయిదు రోజుల గురించి ఎవరూ అడగలేదు.

అమెరికాలో ఉన్న పాఠకులకు టిక్‌టాక్ కథ నేను చెప్పనక్కర్లేదు. 2024 ఏప్రిల్ 24న చట్టం, అమ్మకానికి 270 రోజుల గడువు, 2025 జనవరి 17న సుప్రీం కోర్టు సమర్థన, 18 రాత్రి యాప్ ఆగడం, మర్నాడే తిరిగి రావడం, ఆ తర్వాత వాయిదా మీద వాయిదా, చివరికి 2026 జనవరిలో అమెరికా వ్యాపారం కొత్త సంయుక్త సంస్థ చేతికి వెళ్ళడం. ఒక నెల ఆగితే అమెరికాలో చిన్న వ్యాపారాలకు వంద కోట్ల డాలర్లకు పైగా, వీడియోలు చేసుకునే వాళ్ళకు దాదాపు ముప్ఫై కోట్ల డాలర్ల నష్టమని టిక్‌టాక్ కోర్టుకి చెప్పింది. కేసు గెలవడానికి కంపెనీ వేసిన లెక్క కనుక కొంత తరుగు తీసి చూడాలి. నాకు ముఖ్యంగా తోచింది వేరే సంగతి. యాప్ ఆగిన ఆ రాత్రి కూడా తమ డేటా డౌన్‌లోడ్ చేసుకునే వీలు ఉందని వాడకందార్లకు తెర మీద చెప్పారు. తొమ్మిది నెలల ముందు నుంచీ హెచ్చరిక ఉంది. సర్దుకునే మనసున్న వాడికి సమయం దొరికింది. మంగళగిరిలో అలాంటి సమయం దొరకలేదు.

సేవా సంస్థల లెక్క వేరు

వ్యాపారికి నష్టం రూపాయల్లో తేలుతుంది. సేవా సంస్థ నష్టం ఏ పుస్తకానికీ ఎక్కదు, అందుకే దాని గురించి మాట్లాడే వాళ్ళు తక్కువ.

గల్ఫ్‌లో పని చేసే ఏ తెలుగు స్వచ్ఛంద కార్యకర్తను అడిగినా చెబుతారు, ఇప్పుడు ఆపదలో ఉన్న మనిషి ముందు చేసే పని సెల్ఫీ వీడియో తీసుకోవడం. 2024 జూలైలో కువైట్ ఎడారిలో చిక్కుకున్న అన్నమయ్య జిల్లా కార్మికుడు ఒకరు తన గోడు వీడియోలో చెప్పుకున్నారు. అది చేతులు మారి మారి మంత్రి నారా లోకేశ్ దాకా చేరింది, రాయబార కార్యాలయం కదిలింది, ఆయన ఇంటికి చేరారు. విదేశాంగ శాఖ 2015లో పెట్టిన మదద్ పోర్టల్ ఉంది, రాయబార కార్యాలయాల హెల్ప్‌లైన్లు ఉన్నాయి. అవి పని చేయవని కాదు. కానీ పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకుని, చదువు అంతంత మాత్రంగా ఉండి, ఎడారి మధ్య ఉన్న మనిషి పోర్టల్‌లో ఫారం నింపడు. తనకు అలవాటైన యాప్‌లో ఏడుస్తాడు. ఆ యాప్ ఒక రోజు లేకపోతే ఆ ఏడుపు ఎవరికీ వినపడదు.

రెండోది నమ్మకం. ఒమాన్‌లో అనుమతి లేకుండా చందాలు పోగుచేయడం చట్టవిరుద్ధం, అది అందరం పాటించాల్సిందే. అందుకని ఇక్కడ మా వంటి వాళ్ళ చేతిలో ఉన్న పెట్టుబడి డబ్బు కాదు, మాట. ఫలానా వాళ్ళు చెబితే నిజమే అనే పేరు. ఆ పేరు ఏళ్ళ తరబడి ఒక పేజీ మీద, ఒక గ్రూపులో పోగవుతుంది. పేజీ పోతే కొత్త పేజీ పది నిమిషాల్లో పెట్టొచ్చు. కానీ అది మనదేనా, మన పేరుతో మోసగాళ్ళు పెట్టిందా అన్నది ఎవరు తేల్చాలి? వ్యాపారి సరుకు చూపించి మళ్ళీ నమ్మించగలడు. సేవా సంస్థ దగ్గర చూపించడానికి సరుకు లేదు.

ప్రభుత్వాలను ఏమడగాలి?

నిషేధాలే వద్దని నేను వాదించడం లేదు. శత్రు దేశం చేతికి పౌరుల సమాచారం పోతోందంటే ఏ ప్రభుత్వమూ ఊరుకోదు, ఊరుకోకూడదు. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్ళ లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేసింది, దాని వెనక తల్లిదండ్రుల ఆవేదన ఉంది. అయితే ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోకూడదు కదా.

2020 జనవరి 10న అనూరాధా భాసిన్ కేసులో మన సుప్రీం కోర్టు చెప్పిన తీర్పు ఇక్కడ పనికొస్తుంది. కాశ్మీర్‌లో ఇంటర్నెట్ నిలిపివేత మీద వచ్చిన కేసు అది. ఇంటర్నెట్ ద్వారా మాట్లాడే హక్కుతో పాటు, ఇంటర్నెట్ ద్వారా వ్యాపారం చేసుకునే హక్కు కూడా రాజ్యాంగ రక్షణ ఉన్నదేనని, ఆంక్షలు అవసరానికి మించి ఉండకూడదని, ఉత్తర్వులు ప్రకటించాలని కోర్టు చెప్పింది. దీన్ని బట్టి మన సంఘాలు అడగదగినవి పెద్ద కోరికలేం కావు. ఆపక తప్పనప్పుడు కొత్త వీడియోలు ఆపండి, కాని ఒక పదిహేను రోజుల పాటు "మేము ఫలానా చోటికి మారాం" అని చెప్పుకునే వీలు ఉంచండి. ఎవరి సమాచారం వాళ్ళు దించుకునే గడువు ఇవ్వండి. ఆపద సమాచారానికి వాడే మార్గం ఆగితే బదులు ఏ నంబరో ఆ ఉత్తర్వులోనే చెప్పండి. వీటి వల్ల దేశభద్రతకు వచ్చే లోటు ఏమీ నాకు కనిపించదు.

మనం చేయగలిగింది

ప్రభుత్వాలు వింటాయో లేదో గాని, మన చేతిలో ఉన్నది మనం చేసుకోవచ్చు. ముందుగా జాబితా. మీ సంఘం సభ్యుల పేర్లు, నంబర్లు, ఈమెయిళ్ళు ఏ యాప్ మీదా ఆధారపడకుండా మీ దగ్గర ఉన్నాయా? వాట్సాప్ గ్రూపులో ఉన్నారు కదా అంటే అది జాబితా కాదు. కాకపోతే అడిగి, ఒప్పుకున్న వాళ్ళవే రాసుకోవాలి. ఒమాన్‌లో 2022 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా ఆ మాటే చెబుతుంది. చట్టం లేకపోయినా అది మర్యాద.

రెండోది సొంత చిరునామా. ఏడాదికి కొద్ది డాలర్ల ఖర్చుతో సొంత డొమైన్, ఒక పేజీ వెబ్‌సైటు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఏ వేదిక మీద ఉన్నా ఆ చిరునామా కనపడేలా రాస్తూ ఉంటే, రేపు ఆ వేదిక పోయినా మనిషి వెతుక్కుంటూ వస్తాడు. మా బావమరిది ఇప్పుడు ప్రతి చీర పార్సిల్‌లో తన ఫోన్ నంబరు, వెబ్‌సైటు అచ్చేసిన చిన్న కార్డు పెడుతున్నాడు. ఇంటి దగ్గర చిన్న వ్యాపారాలు చేసే మన చుట్టాలకు ఈ మాత్రం సాయం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మనలో ఎవరైనా ఒక ఆదివారం మధ్యాహ్నం చేయగలరు.

మూడోది అభ్యాసం. ఏడాదికి ఒకసారి, ఒక సాయంత్రం, వాట్సాప్ లేకుండా మీ కార్యవర్గం అందరినీ రెండు గంటల్లో పలకరించగలరేమో చూసుకోండి. మేము ఇక్కడ మొదటిసారి చేసినప్పుడు మూడో వంతు నంబర్లు పాతవని తేలింది.

బాబాయి గారు 2023లో ఉద్యోగం విరమించుకుని అమలాపురం వెళ్ళిపోయారు. పోతూ ఆ లెడ్జరు నాకు అప్పగించారు. అందులో వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాం, అయినా లెడ్జరు రాయడం ఆపలేదు. పోయిన శుక్రవారం నిజామాబాద్ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు, "వాట్సాప్‌లో ఉన్నాను కదన్నా, ఇంటి నంబరు ఎందుకు?" అని అడిగాడు. షాహీన్ తుఫాను రాత్రి సంగతి చెప్పాను. వాళ్ళమ్మ నంబరు ఇచ్చాడు, రాసుకున్నాను.